హార్మోనియం చేసుకున్న పాపం

మన వాద్యాలన్నిటిలోకీ ఎక్కువ తిట్లు తిన్నది ఏదీ అంటే, సందేహం లేకుండా హార్మోనియమే. వీణకి సరస్వతి ఉంది. వేణువుకి కృష్ణుడున్నాడు. మృదంగానికి నందీశ్వరుడున్నాడు. హార్మోనియానికి మాత్రం చెప్పుకోవడానికి ఒక్క దేవుడైనా లేడు. విద్వాంసులు దాన్ని చులకనగా "పెట్టె" అన్నారు. దూరదేశం నుంచి వచ్చిన కోడలిలాగా ఇంటెడు చాకిరీ చేసింది గానీ, ఇంటిపేరు మాత్రం దానికి దక్కలేదు.

అయినా మీరే ఆలోచించండి. మన ఇళ్ళల్లో ఒకటి రెండు తరాల ఆడపిల్లలు సరళీస్వరాలు పలికింది దేని పక్కన కూర్చుని? పెళ్ళిచూపుల్లో "అమ్మాయికి సంగీతం వచ్చునా?" అని అవతలివాళ్ళు అడగ్గానే, ముందు చాప మీదికి పెట్టె వచ్చేది, ఆ వెనక అమ్మాయి వచ్చేది. మూడు ముళ్ళూ పడ్డాక పెట్టె అటకెక్కేది, అమ్మాయి వంటింట్లోకి నడిచేది. మళ్ళీ ఆ రెండూ కలుసుకున్న ఇళ్ళు ఎన్ని? వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

ఈ మధ్య మా మోతీనగర్‌కి దగ్గర్లోనే, కొద్ది వారాల తేడాలో రెండు పద్యనాటకాలు చూశాను. రెండూ కృష్ణరాయబారం ఘట్టమే. ఒకచోట ఎలక్ట్రానిక్ కీబోర్డు వాయించారు, ఇంకోచోట పాతకాలపు కాలి హార్మోనియం. ఆ రెండు సాయంత్రాలకీ మధ్య నాకు కనిపించిన తేడా చెప్పాలనే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను. కానీ తీర్పు చెప్పేముందు, అసలు ఈ పెట్టె మీద ఉన్న కేసేమిటో తెలుసుకోవడం న్యాయం కదా!

హార్మోనియం పుట్టిల్లు పారిస్. అలెగ్జాండర్ దెబాన్ అనే ఆయన 1842లో దానికి పేటెంటు పుచ్చుకున్నాడు. కాళ్ళతో తొక్కితే తిత్తిలో గాలి నిండుతుంది, వేలితో మెట్టు నొక్కితే ఆ గాలి ఇత్తడి రేకుని కదిలించి స్వరం పలికిస్తుంది. ఇంతే దాని కిటుకు. తెల్లదొరలతో, పాదరీలతో అది మన దేశం వచ్చింది. కుర్చీలో కూర్చుని తొక్కడం మన పద్ధతి కాదు గదా! 1880ల ప్రాంతంలో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాని కాళ్ళు తీసేసి, తిత్తిని వెనక్కి తెచ్చి, నేలమీద బాసింపట్టు వేసుకుని ఒక చేత్తో గాలి కొడుతూ రెండో చేత్తో వాయించుకునే చేతిపెట్టెని తయారు చేశాడు. తీగలు తెగవు, మాటిమాటికీ శ్రుతి చేసుకోనక్కర్లేదు, చంకన పెట్టుకుని ఏ వూరికైనా తీసుకుపోవచ్చు. ఇంకేం, దేశమంతా పాకిపోయింది.

అక్కణ్ణించే తిట్లు మొదలు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ తిట్లలో నిజం లేకపోలేదు. మన సంగీతానికి ప్రాణం గమకం. తోడి రాగంలో గాంధారమే తీసుకోండి. అది ఒకచోట కుదురుగా నిలబడే స్వరం కాదు. ఊయలలో పసిపాపలాగా అటూ ఇటూ ఊగుతుంటేనే దానికి అందం. వీణమీదైతే తీగ లాగి ఊపుతారు. గొంతుకైతే ఆ ఊపు సహజం. హార్మోనియం మెట్టు నొక్కారో, ఆ గాంధారం డ్రిల్లు మేష్టారి ముందు బడిపిల్లాడిలాగా నిటారుగా నిలబడిపోతుంది. ఒక మెట్టు మీంచి ఇంకో మెట్టు మీదికి దూకాలే తప్ప, మధ్యలో జారడానికి దారి లేదు. పైగా పన్నెండు స్వరస్థానాలనీ సమానంగా పంచేసిన అమరిక అది. అన్నదమ్ముల ఆస్తి పంపకంలాగా ఎవరికీ మరీ అన్యాయం జరగదు గానీ, ఎవరికీ పూర్తి న్యాయమూ జరగదు.

ఢిల్లీలో ఆలిండియా రేడియో పాశ్చాత్య సంగీత విభాగాన్ని చూసిన ఇంగ్లీషు సంగీతకర్త జాన్ ఫౌల్డ్స్ 1938లో ఈ పెట్టెని దుయ్యబడుతూ వ్యాసం రాశాడు. 1940 జనవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ అంతటివాడు కలకత్తా కేంద్రానికి ఉత్తరం రాసి, దీన్ని పంపించెయ్యమన్నాడు. 1940 మార్చి 1 నుంచి దేశంలో ఏ రేడియో కేంద్రంలోనూ హార్మోనియం మోగకూడదని నిషేధం వచ్చింది. అది 1971 దాకా సాగింది. అప్పుడైనా పక్కవాద్యంగా రానిచ్చారే గాని, ఒంటరిగా వాయించుకునే గౌరవం చాలాకాలం దొరకలేదు. ముప్పయ్యొక్క ఏళ్ళు! కొన్ని హత్యకేసుల్లో కూడా అంత శిక్ష పడదు.

ఇక్కడో తమాషా ఉంది, వినండి. కర్ణాటక సంగీతం పాడేవాళ్ళని "మీ శ్రుతి ఎంతండీ?" అని అడిగితే, మగవాళ్ళయితే "ఒకటి" అనో "ఒకటిన్నర" అనో అంటారు. ఆడవాళ్ళు "ఐదు", "ఐదున్నర" అంటారు. ఈ అంకెలు ఏ శాస్త్రగ్రంథంలోవీ కావు. అవి ఈ పెట్టె మీది మెట్ల లెక్క! తెల్లమెట్లకి వరసగా ఒకటి, రెండు, మూడు. మధ్యలో నల్లమెట్టు వస్తే అర. నమ్మకం లేకపోతే, "మూడున్నర శ్రుతి" అని ఎవరి నోటైనా విన్నారేమో గుర్తు చేసుకోండి. వినలేదు, వినబోరు. ఎందుకంటే మూడో మెట్టుకీ నాలుగో మెట్టుకీ నడుమ నల్లమెట్టు లేదు. పెట్టెని వెలివేసినవాళ్ళు కూడా తమ గొంతుని కొలుచుకునే కొలబద్ద మాత్రం దాని దగ్గరే తీసుకున్నారన్నమాట. కచేరీల్లో తంబురా బదులు పక్కన పెట్టుకునే శ్రుతిపెట్టె మాత్రం ఏమిటి? మెట్లు పీకేసిన హార్మోనియమేగా!

వెలివేయని పెద్దలూ ఉన్నారు. సాలూరు చినగురువుగారని పేరుపొందిన పట్రాయని సీతారామశాస్త్రిగారు విజయనగరం సంగీత కళాశాలలో గాత్రం నేర్పిన విద్వాంసులు. మన ఘంటసాలగారికి గురువు. ఆయన హార్మోనియం తానే వాయించుకుంటూ పాడేవారు. గమకం పలకదన్న వాద్యాన్నే తన గొంతుకి తోడు చేసుకున్నారు. గొంతు ఊగే చోట వాద్యం ఊరుకోవాలి, గొంతు ఆగే చోట వాద్యం అందుకోవాలి. అంత తెలిసిన చేతిలో పడితే పెట్టె లోపం పెట్టెలోనే ఉండిపోతుంది, శ్రోత దాకా రాదు.

ఇహ తెలుగు నాటకం సంగతి. 1880ల్లో ధార్వాడ నాటక సమాజాలు మన ఊళ్ళకొచ్చి ఆడిన ఆటలు చూసి మనవాళ్ళకి మోజు పుట్టింది. బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారు నాటకంలో పాటకీ, రాగంతో చదివే పద్యానికీ పెద్దపీట వేశారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావుగారు ఆడించిన "కీచకవధ"తో సురభి నాటక కుటుంబాల చరిత్ర మొదలైంది. మగవాళ్ళే ఆడవేషాలు కట్టే ఆ రోజుల్లో సురభివారి ఆడవాళ్ళు తమ పాత్రలు తామే వేసి, పాడి మెప్పించారంటే మామూలు సంగతా? మైకులు లేవు. వేలమంది జనం. పెట్రోమాక్సు దీపాలు. ఆ హోరులో చివరి వరసలో గోనెపట్టా మీద కూర్చున్నవాడికి కూడా శ్రుతి వినిపించాలంటే వీణ సరిపోతుందా? అక్కడికి హార్మోనియమే కావాలి. అందులోనూ కాలి హార్మోనియం. కుట్టుమిషను తొక్కినట్టు కాళ్ళతో తొక్కుతూ ఉంటే రెండు చేతులూ వాయించడానికి ఖాళీ.

నాటకంలో హార్మోనిస్టు పని సంగీతం వినిపించడం అనుకుంటాం. అది నాలుగోవంతు మాత్రమే. ఒక్కో నటుడికి ఒక్కో శ్రుతి. కృష్ణుడిది నాలుగైతే ద్రౌపదిది ఆరు కావచ్చు. ఒకరు ముగించీ ముగించక ముందే రెండోవారి శ్రుతిలోకి, ఇంకో రాగంలోకి వెళ్ళిపోవాలి. పద్యానికి తాళం లేదు. ఎక్కడ సాగదీస్తాడో, ఎక్కడ మింగేస్తాడో పాడేవాడికే తెలియదు. పద్యం మరిచిపోతే స్వరం అందించి గుర్తు చేయాలి. జనం "వన్స్‌మోర్" అంటే మళ్ళీ మొదటికి రావాలి. నన్నడిగితే హార్మోనిస్టు పక్కవాద్యగాడు కాదు, పద్యానికి దాది.

ఇప్పుడు ఆ రెండు సాయంత్రాల దగ్గరికి వస్తాను.

మొదటి ప్రదర్శనలో కృష్ణుడి గొంతు బాగుంది. వాచకం బాగుంది. కీబోర్డు వాయించిన కుర్రాడు కూడా తెలివైనవాడే, వేళ్ళు చురుగ్గా కదిలాయి. అయినా అరగంట గడిచేసరికి నాకేదో వెలితి తోచింది. వంటలో అన్నీ పడ్డాయి, ఉప్పు ఒక్కటే మరిచిపోయారన్నట్టు. ఏమిటా అని చెవి పెట్టి విన్నాను. కీబోర్డులోంచి వందమంది వయొలిన్లు వాయిస్తున్నట్టు ఒక నాదం పరుచుకుని ఉంది. పద్యం మొదట్లో ఎంత గట్టిగా ఉందో, నడుమా అంతే, చివరా అంతే. రాయబారంలో కృష్ణుడు చేసేదల్లా మాటలతోనే కదండీ! పైకి తీపి, లోపల వాత. ఆ వాత ఎక్కడుందో తెలియాలంటే ఒక్కొక్క అక్షరం వినబడాలి. లౌడ్‌స్పీకరులోంచి వచ్చే ఆ నాదం కింద ఒత్తులూ, ద్విత్వాలూ నలిగిపోయాయి. నటుడు పద్యం చివర రాగం ఎత్తుకున్నప్పుడు వాద్యం ఒక్క క్షణం వెనకబడి వచ్చింది. ప్రతి నటుడికీ ఒక మీట నొక్కితే శ్రుతి మారిపోతుంది కాబట్టి, వాయించేవాడు నటుడి వంక చూడాల్సిన అవసరమే పెద్దగా కనిపించలేదు. ఇద్దరూ ఒకే బస్సులో పక్కపక్కన కూర్చున్న అపరిచితుల్లా ఉన్నారు.

రెండో ప్రదర్శన నటులు నిజానికి అంత గొప్పవాళ్ళు కారు. కృష్ణుడికి వయసు మీదపడింది. దుర్యోధనుడు రెండుచోట్ల తడబడ్డాడు. కానీ వేదిక పక్కన డెబ్భై దాటిన ఒక పెద్దాయన కాలి హార్మోనియం ముందు కూర్చున్నారు. పద్యంలో మాటలు నడుస్తున్నంతసేపూ తొక్కీ తొక్కనట్టు తొక్కి, స్వరాన్ని నేలమీద పాకించారు. పాదం ముగిసి రాగం మొదలయ్యేసరికి ఆ స్వరమే నిండు గాలితో పైకి లేచింది. ఒకచోట కృష్ణుడు తారస్థాయికి వెళ్ళి ఊపిరి చాలక ఆగిపోయాడు. ఆగిన చోటే హార్మోనియం పై షడ్జమాన్ని అందుకుని నిలబెట్టింది. ఆయన ఊపిరి పీల్చుకుని మళ్ళీ వచ్చి కలిసేదాకా అలాగే ఉంచింది. హాలంతా చప్పట్లు కొట్టింది. తప్పు జరిగిందని ఎవరికీ తెలియలేదు. ఒప్పు ఎవరిదో కూడా తెలియలేదు.

ఆట అయిపోయాక ఉండబట్టలేక వెళ్ళి అడిగాను.

"బాబాయిగారూ, ఆయన అక్కడ ఆగిపోతాడని మీకెలా తెలిసిందండీ?"

"భుజం చూస్తానమ్మా," అన్నారాయన, పెట్టెకి గుడ్డ కప్పుతూ. "ఊపిరి పట్టినప్పుడు భుజం లేస్తుంది. లేవాల్సినంత లేవలేదనుకో, ఈ పాదం ఆయన చివరిదాకా మొయ్యలేడని అర్థం. అప్పటికే నా కాళ్ళు గాలి నింపేస్తాయి. అది నేను ఆలోచించి చేసే పనేం కాదు తల్లీ, కాళ్ళకే తెలుసు."

"మరి కీబోర్డు నేర్చుకోలేదా మీరు?"

"మా మనవడికుంది. వాయించి చూశాను. మంచిదే. కానీ దానికి ఊపిరి లేదమ్మా. నేను తొక్కినా తొక్కకపోయినా అది మోగుతూనే ఉంటుంది."

పద్యనాటక విమర్శ అంతా ఆయన ఆ రెండు ముక్కల్లో చెప్పేశారు. హార్మోనియానికి గమకం లేదు, నిజమే. ఊపిరి ఉంది. పాడే మనిషిలాగే దానికీ గాలి అయిపోతుంది, మళ్ళీ నింపుకోవాలి. ఆ ఇబ్బందే దాన్ని గొంతుకి దగ్గర చేసింది. వీణతో పోలిస్తే అది మంచి వీణ కాదు. పద్యానికి దాదిగా చూస్తే మాత్రం దానికి సాటి వచ్చేది నాకింకోటి కనిపించలేదు.

కొత్తది రాగానే పాతదాన్ని అటకెక్కించడం మన ఒక్కరి అలవాటే కాదు. యూరప్‌లో పియానోకి ముందు హార్ప్‌సికార్డ్ అనే వాద్యం ఉండేది. మెట్టు నొక్కితే లోపలున్న చిన్న ముల్లు తీగని మీటుతుంది. 1700 నాటికి ఇటలీలో క్రిస్టోఫోరి పియానో తయారు చేశాడు. తీగని మీటడానికి బదులు సుత్తితో కొడుతుంది కనక వేలి ఒత్తిడిని బట్టి మెల్లగానూ గట్టిగానూ పలుకుతుంది. ఆ శతాబ్దం ముగిసేసరికి హార్ప్‌సికార్డ్‌ని మూలకి నెట్టేశారు. వందేళ్ళకి పైగా దాన్ని పసితనంలోనే ఆగిపోయిన పియానోలాగా జాలిగా చూశారు. ఇరవయ్యో శతాబ్దంలో వాండా లాండోవ్‌స్కా అనే ఆవిడ దాన్ని మళ్ళీ వేదికెక్కించింది. 1933లో బాఖ్ గోల్డ్‌బర్గ్ వేరియేషన్లని దానిమీదే వాయించి రికార్డు ఇచ్చింది. అప్పుడు జనానికి తెలిసొచ్చింది. బాఖ్ ఆ స్వరాలు రాసింది ఈ వాద్యం కోసం. పియానోకి లేని తేటదనం దీనికుంది.

ఇంకో చిత్రం చెబుతాను. క్లావికార్డ్ అని మరో పాత వాద్యం ఉంది. చాలా చిన్న గొంతు దానిది, పక్కగదిలోకి కూడా వినపడదు. కానీ మెట్టు నొక్కినంతసేపూ దాని ఇత్తడి ముక్క తీగని తాకే ఉంటుంది. వేలిని కొంచెం ఊపితే స్వరమూ ఊగుతుంది. దాన్ని జర్మన్లు "బేబుంగ్" అన్నారు. బాఖ్ కొడుకు కార్ల్ ఫిలిప్ ఎమాన్యుయెల్ 1753 నాటి తన గ్రంథంలో దాని గురించి రాశాడు. మెట్ల వాద్యంలో గమకం అసాధ్యం అని మనవాళ్ళు కొట్టిపారేశారు గానీ, ఆ దారి ఒకటి ఏనాడో ఉండనే ఉంది! పాత వాద్యాల్ని వెతికి వాయించడంలో ఉన్న లాభం ఇదే. మనం తేల్చేసుకున్న సంగతులు మళ్ళీ తెరిచి చూడాల్సి వస్తుంది.

ఇంత చెప్పి కీబోర్డుని తిట్టి కూర్చుంటే నేనూ ఆ పాత తప్పే చేసినట్టవుతుంది. నిజానికి చాలా కీబోర్డుల్లో స్వరాన్ని ఊపడానికి ఒక చక్రం ఉంటుంది. గాలి బదులు కాలితో నాదాన్ని పెంచి తగ్గించే మీటా తగిలించుకోవచ్చు. హార్మోనియానికి లేని గమకం దానికి సాధ్యమే. ఆ వయొలిన్ల గుంపుని కట్టిపెట్టి, నటుడి భుజం వంక చూసి, ఆ చక్రాన్ని తిప్పే కుర్రాడు రేపు వస్తే ముందువరసలో కూర్చుని చప్పట్లు కొడతాను. హార్మోనిస్టులందరూ మహానుభావులేం కాదు మరి. నటుడితో పోటీపడి, పద్యానికి పదింతలు రాగం వాయించి, నాటకాన్ని కచేరీ చేసేసినవాళ్ళూ ఉన్నారు. వాద్యం మంచిదైతే సరిపోదు, చెయ్యి కూడా ఎదుటివాడికోసం పనిచెయ్యాలి.

మోతీనగర్ నుంచి బోరబండ, యూసుఫ్‌గూడ మీదుగా వెళితే ఫిలింనగర్ ఎంతో దూరం కాదు. అక్కడి స్టూడియోల్లో ఇవాళ కంప్యూటరు, కీబోర్డు ఉంటే పాటకి సగం పనైనట్టే. కానీ ఆ ఊరి వంశవృక్షం చూస్తే మొదట్లో ఈ పెట్టే కనిపిస్తుంది. 1932లో వచ్చిన మన మొదటి టాకీ "భక్తప్రహ్లాద" ధర్మవరంవారి నాటకం. అందులో వేసినావిడ సురభి కమలాబాయి. నాటకాల్లో హార్మోనియం వాయించిన పెండ్యాల నాగేశ్వరరావుగారు సినిమాల్లో ఎన్నెన్ని మంచి పాటలు చేశారు! "సాగరసంగమం"కి సంగీతం ఇచ్చిన ఇళయరాజాగారికి పాటలు కట్టడానికి ఇప్పటికీ తన పాత హార్మోనియమే తోడంటారు. పెద్ద ఆర్కెస్ట్రా వినిపించే ముందు పాట ఆ పెట్టెలోనే ఊపిరి పోసుకుంటుంది.

సినిమా సంగీతం ఎలాగో బతుకుతుంది, దానికి డబ్బుంది. నా బెంగ పద్యం గురించి. పద్యం పుస్తకంలో ఎలాగూ ఉంటుంది. కానీ దాన్ని ఊపిరితో మోసే విద్య మనిషి నుంచి మనిషికి రావాల్సిందే. ఆ పెద్దాయన కాళ్ళకి తెలిసింది ఆయన మనవడి వేళ్ళకి ఎవరు చెబుతారు? నాటకాలకి బహుమతులిచ్చే పరిషత్తులు నటుడికీ, నటికీ, మేకప్‌కీ కూడా ఇస్తున్నాయి. పక్కవాద్యం వాయించే మనిషి పేరు కరపత్రంలో వేయడానికి ఒక్క లైను చోటు చాలు. కుర్రవాళ్ళు కీబోర్డే వాయించనివ్వండి, దానికి ముందు ఒక్క ఏడాది కాలి హార్మోనియం తొక్కించండి. గొంతు వినడం వస్తుంది.

ఇక మనం చెయ్యగలిగింది చిన్నది. అటకమీద అమ్మదో అత్తగారిదో పెట్టె ఉంటే ఓసారి దింపించండి. గుడ్డతో దుమ్ము దులపండి, తిత్తిని ఎలకలు కొట్టాయేమో చూడండి. తడి మాత్రం తగలనివ్వకండి, ఇత్తడి రేకులు పాడవుతాయి. వాయించకుండా ఉంచడమే దానికి పెద్ద జబ్బు. ఏదో ఒక మెట్టు నొక్కి, మెల్లగా గాలి కొట్టి, ఆ స్వరంలో మీ గొంతు కలపండి. ఇన్నేళ్ళ తర్వాత గొంతు వణికితే సిగ్గుపడనక్కర్లేదు. ఎన్ని తిట్లు తిన్నా, పాడేవాళ్ళని ఒక్క మాటా అనని వాద్యం అది.